కారు బీమా కొటేషన్లు: ధర అడిగే ముందు మన షరతులు రాసివ్వాలి

రెన్యువల్ తేదీ దగ్గర పడగానే చాలామంది ముగ్గురికి ఫోన్ చేసి "మా బండికి ఎంతవుతుంది?" అని అడుగుతారు. ఒకరు 11,200 అంటారు, ఇంకొకరు 9,400 అంటారు, మూడో ఆయన 8,150కి ఇప్పిస్తానంటాడు. మూడో ఆయనకే కట్టేస్తారు. తీరా చూస్తే ఆ 8,150 కొటేషన్‌లో కారు విలువ లక్ష తగ్గించి ఉండొచ్చు, జీరో డెప్ (విడిభాగాల మీద తరుగు కోయకుండా ఇచ్చే అదనపు కవర్) తీసేసి ఉండొచ్చు, మీరు అడగని వాలంటరీ డిడక్టబుల్ (క్లెయిమ్‌లో మొదటి కొంత మొత్తం మనమే భరించే షరతు) ఒకటి చేర్చి ఉండొచ్చు. అవి మూడు వేర్వేరు పాలసీలు. వాటి ధరలు పక్కపక్కన పెట్టి చూసినా తెలిసేదేమీ లేదు.

అందుకే ఎవరిని అడిగినా ముందు మన షరతులు ఒక కాగితం మీద రాసి, అదే కాగితం అందరికీ పంపాలి. ఆ కాగితంలో ఏముండాలో చెప్పే ముందు, దాన్ని ఎవరికి పంపాలో చూద్దాం.

అమెరికాలో ఉన్నవాళ్లకు "ఇండిపెండెంట్ ఏజెంట్" అన్న మాట బాగా తెలుసు. అక్కడ స్టేట్ ఫార్మ్ ఏజెంటు ఆ కంపెనీ పాలసీలే అమ్ముతాడు. ఇండిపెండెంట్ ఏజెంటైతే ప్రోగ్రెసివ్ సహా నాలుగైదు కంపెనీల కొటేషన్లు ఒకేచోట తెచ్చిపెడతాడు. మన దేశంలో ఏజెంటుకు ఆ వీలు లేదు. చట్టం ప్రకారం ఒక ఏజెంటు ఒక లైఫ్ కంపెనీకి, ఒక జనరల్ కంపెనీకి, ఒక హెల్త్ కంపెనీకి మాత్రమే పనిచేయగలడు. కారు బీమా జనరల్ కిందికి వస్తుంది కాబట్టి ఏజెంటు దగ్గర కారుకు దొరికే కొటేషన్ ఒక్కటే. ఆయన ఎంత మంచివాడైనా పక్క కంపెనీ ధర ఆయన చేతిలో ఉండదు.

ఇక్కడ ఆ పని చేసేది బ్రోకర్. ఏజెంటు కంపెనీ తరఫు మనిషి, బ్రోకర్ కస్టమర్ తరఫు మనిషి. బీమా రంగ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2018లో తెచ్చిన బ్రోకర్ల నిబంధనల్లోని ప్రవర్తనా నియమావళి దీన్ని స్పష్టంగా చెబుతుంది. ఎంచుకోవడానికి ఒకటికి మించి పాలసీలు ఉన్నప్పుడు ధర, కవరేజీ, సర్వీసు పోల్చి చూపాలి. ఫలానా పాలసీయే ఎందుకు సూచిస్తున్నాడో వివరించాలి. అడిగితే తనకొచ్చే కమీషన్ ఎంతో చెప్పాలి. ఇవి బ్రోకర్ దయతో చేసేవి కావు, మనం హక్కుగా అడగాల్సినవి. చాలామంది అడగరు. అడగకపోతే బ్రోకర్ కూడా తనకు సులువైన కంపెనీ కొటేషన్ ఒక్కటి పంపి ఊరుకుంటాడు.

మన వీధిలో "నేను అన్ని కంపెనీలవీ చేస్తాను" అనే మనిషి చాలాసార్లు బ్రోకర్ కింద పనిచేసే పీఓఎస్‌పీ (పాయింట్ ఆఫ్ సేల్స్ పర్సన్) అయి ఉంటాడు. పదో తరగతి పాసై 15 గంటల శిక్షణ, పరీక్ష పూర్తిచేసిన వాళ్లకు ఈ గుర్తింపు ఇస్తారు. ఇందులో తప్పేమీ లేదు. కాకపోతే ఆయన వెనక ఉన్న బ్రోకర్ సంస్థ పేరు అడిగి తెలుసుకోవాలి. ఆ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, గడువు ఐఆర్‌డీఏఐ వెబ్‌సైట్‌లోని బ్రోకర్ల జాబితాలో సరిచూడాలి.  జాబితాలో లేని పేరైతే అక్కడితో ఆపేయండి.

షోరూం సంగతి వేరు. కారు కొన్న డీలరు ఇప్పించే బీమాకు క్లెయిమ్ సమయంలో కొంత సౌకర్యం ఉంటుంది, నిజమే. కానీ షోరూంలోనే బీమా తీసుకోవాలన్న నియమం ఎక్కడా లేదు. షోరూం కొటేషన్‌ను కూడా మిగతావాటితో పాటు అదే కాగితం మీద పోల్చాలి.

ఇప్పుడు కాగితం. రిజిస్ట్రేషన్ నంబరు, మొదట రిజిస్టరైన నెల, సంవత్సరం, మోడల్, వేరియంట్ పూర్తి పేరు, సీసీ, ఇంధనం, ఆర్టీఓ ఊరు. పాత పాలసీ కాపీ. దాని గడువు తేదీ, అందులో ఉన్న ఎన్‌సీబీ (క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే నో క్లెయిమ్ బోనస్) శాతం, ఈ ఏడాది క్లెయిమ్ చేశారో లేదో. కావలసిన ఐడీవీ (పాలసీలో రాసే కారు విలువ) అంకెల్లో. కావలసిన యాడ్-ఆన్‌లు (అదనపు కవర్లు) పేర్లతో. "వాలంటరీ డిడక్టబుల్ వద్దు" అన్న వాక్యం. చివరగా, ఓడీ (మన కారుకు జరిగే నష్టానికి కట్టేది), టీపీ (మన బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టేది), యాడ్-ఆన్‌లు, ఎన్‌సీబీ, జీఎస్టీ విడివిడిగా చూపించే పీడీఎఫ్ కావాలన్న షరతు. ఒక్క మొత్తాన్ని వాట్సాప్‌లో టైపు చేసి పంపితే దాన్ని కొటేషన్‌గా తీసుకోవద్దు.

వీటిలో టీపీ, అంటే థర్డ్ పార్టీ ప్రీమియం, గురించి బేరం అక్కర్లేదు. దాన్ని కేంద్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది, ఏ కంపెనీ దగ్గరైనా ఒకటే. 2022 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చిన పట్టిక ప్రకారం సొంత కార్లకు 1000 సీసీ వరకు రూ. 2,094, 1000 దాటి 1500 వరకు రూ. 3,416, ఆపైన రూ. 7,897. "టీపీలో కూడా తగ్గిస్తాను" అని ఎవరైనా అంటే ఆ మనిషిని నమ్మకూడదు. ఇంకో సంగతి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త కారుకు మూడేళ్ల టీపీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. కాబట్టి రెండో ఏడాది, మూడో ఏడాది రెన్యువల్‌కు ఓడీ ఒక్కటే తీసుకుంటే చాలు. దాన్ని టీపీ ఉన్న కంపెనీలోనే తీసుకోనక్కర్లేదు. ఆ రెండేళ్లలో వచ్చిన కొటేషన్‌లో మళ్లీ టీపీ కనిపిస్తే అది పొరపాటు, తీసేయమనండి.

అసలు తేడా అంతా ఓడీలో, యాడ్-ఆన్‌లలో ఉంటుంది. ఓడీ లెక్క ఐడీవీ మీద నడుస్తుంది. ఐడీవీ అంటే కారు దొంగతనానికి పోయినా, బాగుచేయలేనంతగా దెబ్బతిన్నా కంపెనీ ఇచ్చే గరిష్ఠ మొత్తం. కారు తయారీ కంపెనీ అమ్మే ధర నుంచి వయసును బట్టి తరుగు తీస్తారు: ఆరు నెలల్లోపు 5 శాతం, ఏడాదిలోపు 15, రెండేళ్లలోపు 20, మూడేళ్లలోపు 30, నాలుగేళ్లలోపు 40, అయిదేళ్లలోపు 50. ఆన్‌లైన్ ఫారంలో ఐడీవీ ఇంతకంటే కిందికి జరిపే వీలుంటుంది. ధర తక్కువ చూపించాలంటే అమ్మేవాడు మొదట పట్టుకునేది దాన్నే.

అలా తగ్గిస్తే మనకు మిగిలేదెంతో లెక్క కట్టి చూద్దాం. హైదరాబాద్ రిజిస్ట్రేషన్, 1197 సీసీ, అయిదేళ్ల లోపు కారు, ఐడీవీ 6 లక్షలు అనుకోండి. పాత టారిఫ్‌లో, అంటే అన్ని కంపెనీలకూ ఒకటే ఉన్న పాత రేట్ల పట్టికలో, హైదరాబాద్ 'ఏ' (A) జోన్ కిందికి వస్తుంది. విజయవాడ, విశాఖ, వరంగల్ 'బీ' (B) జోన్. అక్కడ రేటు కాస్త తక్కువ. 'ఏ' జోన్‌లో ఈ కారుకు రేటు 3.283 శాతం. 2007 నుంచి కంపెనీలు తమ రేట్లు తామే పెట్టుకుంటున్నా, బ్రోకర్లు మాట్లాడేది మాత్రం ఇంకా ఆ టారిఫ్ మీద ఎంత డిస్కౌంట్ అన్న లెక్కలోనే. 6 లక్షలకు 19,698. ఉదాహరణకు 70 శాతం డిస్కౌంట్ వేస్తే 5,909. ఎన్‌సీబీ 35 శాతం పోతే 3,841. ఇప్పుడు ఐడీవీని 5 లక్షలు చేయండి. ఇదే లెక్క 3,201కి దిగుతుంది. తేడా 640. దానిమీద 18 శాతం జీఎస్టీ కలిపితే రూ. 755. అంటే ఏడాదికి 755 రూపాయలు మిగుల్చుకోవడం కోసం, కారు పోయిన రోజున రావలసిన లక్ష వదులుకుంటున్నాం. నా దృష్టిలో బీమాలో ఇంతకంటే నష్టపు బేరం లేదు. మరమ్మతు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే కారును టోటల్ లాస్‌గా లెక్కిస్తారు కాబట్టి, ఐడీవీ తగ్గించిన కారు ఆ గీతను కూడా తొందరగా దాటుతుంది.

వాలంటరీ డిడక్టబుల్ రెండో కిటుకు. క్లెయిమ్ వచ్చిన ప్రతిసారీ మొదటి ఇంత మొత్తం నేనే భరిస్తానని ముందే ఒప్పుకోవడం ఇది. పాత టారిఫ్ ప్రకారం 2,500 ఒప్పుకుంటే ఓడీ మీద 20 శాతం రాయితీ, కానీ 750కి మించదు. 15,000 ఒప్పుకుంటే 35 శాతం, 2,500కి మించదు. దీనికి తోడు అందరికీ తప్పనిసరిగా ఉండే డిడక్టబుల్ 1500 సీసీ వరకు రూ. 1,000, ఆపైన రూ. 2,000 ఎలాగూ ఉంటుంది. ఊళ్లో రోజూ తిరిగే కారుకు వాలంటరీ డిడక్టబుల్ పనికిరాదు. కొటేషన్‌లో "డిడక్టబుల్" పక్కన 1,000 లేదా 2,000 కాకుండా ఇంకో అంకె కనిపిస్తే ప్రశ్నించండి.

జీరో డెప్ ఎందుకు అవసరమో తెలియాలంటే మామూలు పాలసీ ఏం కోస్తుందో తెలియాలి. ప్లాస్టిక్, రబ్బరు, టైర్లు, బ్యాటరీ, ఎయిర్‌బ్యాగుల మీద 50 శాతం తరుగు. ఫైబర్ భాగాల మీద 30 శాతం. అద్దాల మీద ఏమీ లేదు. లోహపు భాగాలకు కారు వయసును బట్టి ఆరు నెలల వరకు సున్నాతో మొదలై పదేళ్లు దాటితే 50 శాతం దాకా వెళుతుంది. పెయింటింగ్ బిల్లు అంతా కలిపి ఒకే అంకెగా వస్తే, అందులో 25 శాతాన్ని రంగు సామాను కింద లెక్కగట్టి, ఆ భాగంలో సగం కోస్తారు. ఇప్పటి కార్లకు ముందూ వెనకా ఉన్నదంతా ప్లాస్టిక్కే. 12,000 పెట్టి బంపరు మారిస్తే 6,000 మన జేబులోంచి పోతుంది, పైన డిడక్టబుల్ 1,000. అందుకే కారు కొత్తగా ఉన్నన్నాళ్లు జీరో డెప్ వదలొద్దంటాను. అయితే అన్ని కంపెనీల జీరో డెప్ ఒకటి కాదు. కొన్ని ఏడాదికి రెండు క్లెయిములే అంటాయి, కొన్ని లెక్క పెట్టవు. కొన్ని కారుకు అయిదేళ్లు దాటితే ఇవ్వవు, కొన్ని ఇంకొన్నాళ్లు ఇస్తాయి. "ఎన్ని క్లెయిములు, ఏ వయసు వరకు" అన్న రెండు ప్రశ్నలకు జవాబు రాతలో తీసుకోండి.

ఇంజిన్ ప్రొటెక్ట్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు ఎన్నో కార్లు నీళ్లలో మునిగాయి. వరద నష్టం మామూలు పాలసీలోనే ఉంటుంది: సీట్లు, వైరింగు, ఎలక్ట్రానిక్స్ అన్నీ తరుగు పోను వస్తాయి. గొడవంతా ఇంజిన్ దగ్గరే. మునిగిన కారును నీరు తగ్గాక స్టార్ట్ చేస్తే గాలి దారిలోంచి నీళ్లు సిలిండర్లోకి వెళతాయి. నీళ్లు గాలిలా నొక్కుకుపోవు కాబట్టి పిస్టన్ కదల్లేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. దీన్ని సర్వేయర్ (నష్టం అంచనా వేయడానికి వచ్చే మనిషి) వరద వల్ల నేరుగా జరిగిన నష్టంగా కాక, ఆ తర్వాత స్టార్ట్ చేయడం వల్ల వచ్చిన నష్టంగా రాస్తాడు. మామూలు పాలసీలో దానికి డబ్బు రాదు. ఈ ఖాళీ పూరించేదే ఇంజిన్ ప్రొటెక్ట్. పల్లపు కాలనీలో, సెల్లార్ పార్కింగులో కారు పెట్టేవాళ్లు కాగితంలో దీన్ని తప్పక రాయండి. కానీ ఈ యాడ్-ఆన్‌లోనూ నీళ్లలో మునిగిందని తెలిసీ స్టార్ట్ చేస్తే పేచీ పెట్టే షరతులుంటాయి. కాబట్టి యాడ్-ఆన్ ఉన్నా లేకున్నా మునిగిన బండికి తాళం తిప్పకుండా, బ్యాటరీ కనెక్షన్ తీసి, లారీ మీదికి ఎక్కించే టోయింగ్ పిలిపించుకోవాలి.

రిటర్న్ టు ఇన్‌వాయిస్ (కారు పూర్తిగా పోతే ఐడీవీ కాక కొన్న బిల్లు ధర ఇచ్చే కవర్) మొదటి మూడేళ్లకు బాగుంటుంది. కన్స్యూమబుల్స్ (మరమ్మతులో వాడే ఆయిలు, నట్లు, బోల్టుల లాంటి వాటి ఖర్చు) చవక, తీసుకోవచ్చు. తాళంచెవి, టైరు, సామాను కవర్లు చాలామందికి అక్కర్లేదు, ప్యాకేజీ పేరుతో కలిపి ఇస్తే విడదీయమనండి. యజమానికి 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ తప్పనిసరి. అయితే అంత మొత్తానికి మీకు వేరే పాలసీ ఇప్పటికే ఉంటే ఆ విషయం రాసిచ్చి ఇక్కడ మానుకోవచ్చు. ఇంట్లో రెండు కార్లు ఒకే పేరున ఉన్నవాళ్లు దీన్ని రెండుసార్లు కట్టేస్తుంటారు.

ఎన్‌సీబీ దగ్గర మాత్రం ఒక్క అబద్ధం కూడా దొర్లనివ్వకండి. క్లెయిమ్ లేని ఏళ్లను బట్టి 20, 25, 35, 45, 50 శాతం, అది ఓడీ మీద మాత్రమే. క్లెయిమ్ చేస్తే సున్నాకు పడుతుంది. కొంతమంది అమ్మేవాళ్లు ధర తగ్గించడానికి "క్లెయిమ్ లేదు" అని టిక్ పెట్టేస్తారు. కొత్త కంపెనీ పాత కంపెనీని అడిగితే అసలు సంగతి బయటపడుతుంది. తప్పు డిక్లరేషన్ ఇస్తే ఓడీ భాగం కింద వచ్చే ప్రయోజనాలన్నీ పోతాయని ఆ ఫారంలోనే ఉంటుంది. రెండు వేలు మిగిల్చిన అబద్ధం రెండు లక్షల క్లెయిమ్‌ను ముంచుతుంది. ఎన్‌సీబీ యజమానిదే కానీ బండిది కాదన్నదీ గుర్తుంచుకోండి. కారు అమ్మేటప్పుడు కంపెనీ నుంచి ఎన్‌సీబీ లెటర్ తీసుకుంటే కొత్త కారుకు మూడేళ్లలోపు వాడుకోవచ్చు. సెకండ్ హ్యాండ్ కారు కొన్నవాళ్లకు పాత యజమాని ఎన్‌సీబీ రాదు. వాళ్లు 14 రోజుల్లో పాలసీని తమ పేరు మీదికి మార్చుకోవాలి. బయట సీఎన్‌జీ కిట్ పెట్టించి ఉంటే ముందు ఆర్సీలో, తర్వాత పాలసీలో ఎక్కించాలి.

చిన్న గీతలకు క్లెయిమ్ చేయాలా వద్దా అన్నదీ ఎన్‌సీబీ లెక్కే. పైన చెప్పిన కారులో 35 శాతం నడుస్తుండగా ఒక క్లెయిమ్ చేస్తే, వచ్చే అయిదు రెన్యువళ్లలో పోయేది ఓడీలో వరసగా 45, 30, 25, 15, 5 శాతాలు. మొత్తం 120 శాతం. ఓడీ 5,909 అలాగే ఉందనుకుంటే జీఎస్టీతో కలిపి రూ. 8,367. ఐడీవీ ఏటా తగ్గుతుంది కాబట్టి నిజంగా పోయేది ఇంతకంటే తక్కువే ఉంటుంది. అయినా అయిదు వేల టింకరింగ్ పనికి క్లెయిమ్ పెట్టడం దండగ.

కొటేషన్లు తెప్పించడానికి గడువుకు మూడు నాలుగు వారాల ముందు మొదలుపెట్టండి. ఇద్దరు బ్రోకర్లకు, మీ పాత కంపెనీకి ఒకే కాగితం పంపండి. ఒకే కంపెనీ ధర ఇద్దరు బ్రోకర్ల దగ్గర వేరుగా రావచ్చు, డిస్కౌంట్లు అమ్మే మార్గాన్ని బట్టి మారతాయి. వచ్చిన పీడీఎఫ్‌లు పక్కపక్కన పెట్టి ముందు ఐడీవీ, తర్వాత డిడక్టబుల్, తర్వాత యాడ్-ఆన్‌లు, ఎన్‌సీబీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. అన్నీ కలిశాకే కింది మొత్తం వైపు చూడాలి. అప్పుడు మిగిలే తేడా వెయ్యి లోపే అయితే ధర పక్కన పెట్టి, మీ ఊళ్లో మీరు బండి ఇచ్చే బాడీ షాపులో ఏ కంపెనీకి క్యాష్‌లెస్ ఉందో కనుక్కోండి. ఖమ్మంలోనో ఒంగోలులోనో ఉన్న మనిషికి హైదరాబాద్‌లోని వంద గ్యారేజీల జాబితా ఎందుకూ అక్కరకు రాదు.

తేదీ దాటనివ్వకండి. దాటితే ఫొటోలు, వీడియోతో తనిఖీ చేస్తేనే ఓడీ ఇస్తారు. 90 రోజులు దాటితే ఎన్‌సీబీ మొత్తం పోతుంది. ఈలోగా గుద్దితే టీపీ కూడా లేని బండి మీద కేసు మీ నెత్తిన పడుతుంది.

డబ్బు కంపెనీ పంపిన లింకులోనే కట్టాలి. ప్రీమియం కంపెనీకి చేరిందాకా కవర్ మొదలుకాదు, బీమా చట్టంలోని 64వీబీ సెక్షన్ చెప్పేది అదే. "నాకు ఫోన్‌పే చేయండి, నేను కట్టేస్తా" అంటే ఒప్పుకోవద్దు. కమీషన్‌లో కొంత తిరిగిస్తామన్నా ఒప్పుకోవద్దు. 41వ సెక్షన్ దాన్ని నిషేధించింది, జరిమానా 10 లక్షల దాకా ఉంది. బ్రోకర్ వల్ల కానీ కంపెనీ వల్ల కానీ నష్టం జరిగితే ముందు వాళ్లకే రాతలో ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో తేలకపోతే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. రుసుము లేదు, 50 లక్షల వరకు వివాదాలు చూస్తారు, 2021 నుంచి బ్రోకర్ల మీద ఫిర్యాదులూ తీసుకుంటున్నారు. దారి తెలియకపోతే 155255కు ఫోన్ చేయండి.

పాలసీ మెయిల్లో రాగానే ఆర్సీ ముందు పెట్టుకుని ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, పేరు అక్షరం అక్షరం సరిచూడండి. లోను ఉంటే బ్యాంకు పేరు ఉందో లేదో, లోను తీరిపోతే తీసేశారో లేదో చూడండి. మీరు రాసిచ్చిన కాగితంలోని ఐడీవీ, యాడ్-ఆన్‌లు షెడ్యూల్లో పేర్లతో సహా ఉండాలి. బ్రోకర్ పేరు, కోడ్ కూడా అందులో ఉండాలి. నాలుగైదు రోజులాగి ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే కొత్త గడువు తేదీ కనిపిస్తుంది. కనిపించకపోతే కంపెనీ కస్టమర్ కేర్‌కే నేరుగా ఫోన్ చేసి పాలసీ నంబరు చదివి వినిపించండి. తప్పులుంటే ఎండార్స్‌మెంట్ (పాలసీలో సవరణ) కోసం అదే రోజు మెయిల్ పెట్టండి. ఛాసిస్ నంబరులో ఒక్క అంకె తప్పు ఇవాళ ఒక మెయిల్‌తో సరవుతుంది, యాక్సిడెంట్ జరిగాక మాత్రం సర్వేయర్ దానిమీదే ఫైలు ఆపుతాడు.